వాషింగ్ మెషీన్ నోట్లో రొయ్య కొమ్ము

మా వాషింగ్ మెషీన్ తలుపు కింద నుంచి నీళ్లు కారడం మొదలైన రోజు మా ఆవిడకి ఎలుక కథ చెప్పాను. కైకలూరు ఎలుకలు రొయ్యల మేత తిని పిల్లుల్ని తరిమేంత బలిశాయనీ, అందులో ఒకటి తలుపు చుట్టూ ఉండే రబ్బరు కొరికేసి, నన్ను చూసి కూడా తాపీగా నడుచుకుంటూ వెళ్లిందనీ చెప్పాను.

"నడుచుకుంటూ వెళ్లిందాండీ? మీకు దణ్ణం పెట్టలేదూ?" అంది.

ఏలూరు మెకానిక్కు వారం దాకా రానన్నాడు. కొత్త రబ్బరు తెచ్చి నేనే వేసేస్తానన్నాను.

"ఈ పూటే వెయ్యండి. చుక్క కారిందా, మెషీన్ని తణుకులో మా చెల్లికి పంపించేస్తాను, వాళ్లే బాగు చేయించుకుంటారు. మీ చెరువు బట్టలు మీరే బండ మీద ఉతుక్కోండి."

చెరువు బురద పట్టిన ప్యాంటుని బండకేసి బాదడమంటే ఏమిటో నా నడుముకి తెలుసు. ప్లగ్గు పీకాను, కుళాయి కట్టేశాను. ముందు రేకు విప్పి, రబ్బరుని బిగించి ఉంచే తీగలు రెండూ తీసి, పాతదాన్ని ఊడబెరికాను. మడతలోంచి టప్పున ఏదో పడింది.

రొయ్య కొమ్ము. రంపంలా పళ్లున్న, వేలెడంత కొమ్ము. రబ్బరు చిరిగిందీ సరిగ్గా అక్కడే.

రొయ్య ఎంత ఎదిగిందో మేత కొట్టు దగ్గర నలుగురికీ చూపించడానికి మా రొయ్యల రైతులం ఒకదాన్ని చొక్కా జేబులో వేసుకెళ్తాం. నేనూ చూపించాను, గొప్పలు చెప్పాను, మళ్లీ జేబులో వేసుకున్నాను. మర్చిపోయి, చొక్కాని అలాగే మెషీన్లో పడేశాను.

కొమ్ముని పాదం కింద దాచబోయాను. గుచ్చుకుంది. "అబ్బా!" అన్నాను.

ఆవిడ వంగి చూసింది. "ఎలుకకి కొమ్ము కూడా మొలిచిందాండీ?"

"ముందు పని చెయ్యనీ."

కొత్త రబ్బరు మీదున్న గుర్తు పైకి, నీళ్లు దిగే చిల్లులు కిందికి పెట్టి, అంచుకి సబ్బునీళ్లు రాశాను. ఒక పక్క ఎక్కిస్తే ఇంకో పక్క ఊడొస్తోంది. అప్పుడు చేతివల గుర్తొచ్చింది. వలని చట్రానికి కట్టేటప్పుడు పైనా కిందా, ఆ పక్కా ఈ పక్కా ముందు నాలుగు ముళ్లు వేసుకుని, తర్వాత మధ్యలో కట్టుకొస్తాం. రబ్బరుకీ అదే మర్యాద చేశాను, మాట వింది. తీగ జారిపోకుండా ఆవిడ బొటనవేళ్లతో అదిమి పట్టుకుంటే, మిగిలిన జానెడూ నేను లాగి ఎక్కించేశాను.

రేకు బిగించి నీళ్లు వదిలాం. ఆవిడ తలుపు కింద పాత పేపరు పరిచి, పీట వేసుకుని కూర్చుంది. మెషీన్ గంటసేపు తిరిగింది. పేపరు తీసి చేత్తో నలిపి చూసింది. పెళపెళలాడింది.

"సరే, మెషీన్ ఎక్కడికీ వెళ్లదు లెండి" అని లేచి, సూదీ దారం తెచ్చి, నా చెరువు చొక్కాల జేబులన్నీ కుట్టేసింది.

అప్పటి నుంచి రొయ్యని చేత్తో పట్టుకునే కొట్టుకి వెళ్తున్నాను. మెషీన్ని చీల్చిన రొయ్య ఎంత ఉంటుందండీ అని అక్కడివాళ్లు అడుగుతూనే ఉంటారు. రెండు చేతులూ చాపి చూపిద్దామంటే, ఒక చెయ్యి ఖాళీ ఉండటం లేదు.