డొల్ల వేపకు తాడు

రైల్వే వర్క్‌షాపు ఖలాసీ నూకరాజుకి చెట్టు పని రెండో ఉద్యోగం. ఖరగ్‌పూర్‌లో ఎవరి క్వార్టరు మీదికి కొమ్మ వాలినా కబురు అతనికే. చెల్లెలు దాలమ్మ మొగుడు గణపతిరావు చెట్టెక్కి నరికేవాడు, నూకరాజు కింద తాడు పట్టేవాడు. కింద పెంకులో, కరెంటు తీగలో ఉంటేనే కొమ్మకు తాడు కట్టి మెల్లగా దించాలి. ఖాళీ నేలైతే నరికి వదిలేయాలి. డొల్ల మానుకైతే తాడు వేయనే కూడదు. తెగిన కొమ్మ బరువంతా ఒక్క కుదుపుతో మానునే విరిచేస్తుంది, పైనున్న మనిషితో సహా. ఇదంతా నూకరాజు పదిమందికీ చెప్పి చెప్పి అరగదీసిన మాటే.

అరవై మూడులో దాలమ్మ కూతురు సింహాచలానికి అమ్మవారు పోసింది. వీధి చివరి వేపచెట్టు మండల మీదే పిల్లను పడుకోబెట్టారు. బతికింది. మరుసటి ఏడు ఆ చెట్టు ఎండిపోయి, కొట్టేయమని ఆర్డరు వచ్చింది.

నూకరాజు గొడ్డలి మడమతో మానును తట్టి చూశాడు. డొల్ల. కింద ఖాళీ నేల.

"తాడక్కర్నేదు బావా, నరికి వొదిలీ," అన్నాడు.

దాలమ్మ అడ్డం వచ్చింది. "అమ్మోరి కొమ్మని తుక్కునాగ పడేత్తారేటి అన్నియా? నా పిల్లని బతికించినాది. మెల్లగా దించండి."

చెల్లెలి మాట ఏనాడూ కాదనలేదు మహానుభావుడు. ఆ ఒక్కరోజు కాదని ఉంటే ఏం పోయేది! చిన్న కొమ్మేగా అనుకుని తాడు పైకి విసిరాడు. గణపతిరావు దాన్ని మాను పై పంగలోంచి పోనిచ్చి కొమ్మకు కట్టాడు.

కొమ్మ తెగింది, తాడు బిగిసింది, మాను నడిమికి విరిగింది. మానుకు నడుము కట్టుకున్న గణపతిరావు దానితోపాటే నేలకు వచ్చాడు. ఆస్పత్రి దాకా ప్రాణం నిలవలేదు.

దినం అయ్యాక, తప్పు ఒప్పుకుందామనే నూకరాజు చెల్లెలి గుమ్మం ఎక్కాడు. ఆమే అన్న చేతులు పట్టుకుంది. "నువ్వేటి సేత్తావు అన్నియా? అమ్మోరు పిల్లని వొదిలీసి ఈయన్ని అట్టుకెలిపోనాది."

తాడు వల్ల పోయాడంటే, ఆ తాడు ఎవరి మాట మీద కట్టారో ఆమెకు ఆ క్షణమే తెలుస్తుంది. నూకరాజు వచ్చిన మాట చెప్పకుండానే గుమ్మం దిగాడు. ఊరుకోవడమే మంచిదనుకున్నాడు, పాపం.

ఆ భారం పిల్ల నెత్తిన పడింది. అన్నం మాడినా, నీళ్లు ఒలికినా దాలమ్మది ఒకటే మాట: "నీ బదులు మీ అయ్య పోనాడు." నూకరాజు మళ్లీ తాడు ముట్టలేదు. ముట్టకపోతే ఎవరికి ఒరిగింది?

కొన్నేళ్లకు, కొళాయి దగ్గర సింహాచలమే అడిగింది. "మావా, నాను సచ్చిపోయుంటే అయ్య బతికీవోడేనా?"

వాకిట్లో బట్టలారేస్తూ దాలమ్మ ఇటే చూస్తోంది. నిజం చెబితే చెల్లెలు బతకదు. నూకరాజు తల దించుకున్నాడు.

"అర్తమయినాది మావా," అని పిల్ల బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.