చేతుల్లేని కుర్చీలు, మా అత్తగారి ఆకలి

మొన్న ఆదివారం మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి నోయిడాలో కొత్త ఫ్లాట్ కొనుక్కుని పాలు పొంగిస్తే వెళ్లాను. హాల్లో అడుగుపెట్టగానే అద్దాల డైనింగ్ టేబులూ, దాని చుట్టూ ఆరు కుర్చీలూ కనిపించాయి. ఒక్కదానికీ చేతుల్లేవు. బూడిదరంగు బట్ట, సన్నటి ఇత్తడిరంగు కాళ్లు. "ఆర్మ్‌లెస్ తీసుకున్నాం ఆంటీ. టేబుల్ కిందకి పూర్తిగా వెళ్లిపోతాయి, రూమ్ పెద్దగా కనిపిస్తుంది" అంది ఆ అమ్మాయి మురిసిపోతూ. గృహప్రవేశం రోజున ఎవరింటికీ వంక పెట్టకూడదు కనక బావున్నాయమ్మా అన్నాను. బాగోలేవు. ఆ జాతి కుర్చీ మీద నాకున్న ఏవగింపు ఇవాళ్టిది కాదు.

న్యాయంగా చెప్పాలంటే చేతుల్లేని కుర్చీకీ ఒక చోటుంది. కుట్టుమిషను ముందు వేసుకుంటే మోచేతులకి అడ్డం తగలదు. సరోజినీ నగర్‌లో మా గవర్నమెంటు క్వార్టరు వంటింటి మూల అలాంటిది ఒకటి ఉండేది. దానిమీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేదాన్ని, అటక మీది డబ్బాలు కావాలంటే దాన్నే ఎక్కేదాన్ని. అంతవరకే దాని హోదా. దాన్ని హాల్లోకి తెచ్చి, దానిమీద పెద్దవాళ్లని కూచోబెట్టి, పైగా అందం అనడం గురుగ్రామ్ వాళ్లకే చెల్లింది. గురుగ్రామ్ అంటే నా ఉద్దేశం ముఖ్యంగా మా మరిది ఇల్లు.

మరిదిది పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఫ్లాటు కొన్నాక, ఇల్లు సర్దుకోవడం తమకి చేతకాదన్నట్టు ఒక డిజైనర్ని పెట్టుకున్నారు. ఆవిడ నల్లకళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మా మామగారి నాటి టేకు కుర్చీల్ని చూసింది. వాటి చేతులు కాఫీ గ్లాసు పెట్టుకునేంత వెడల్పుగా ఉండేవి. "భాభీజీ, ఇది ఇల్లా, సర్కారీ ఆఫీసా?" అందిట హిందీలో. మా తోటికోడలికి ఆ మాట శిలాశాసనమైపోయింది. టేకు కుర్చీలు పాతసామాన్లు కొనే కబాడీవాడి బండెక్కాయి, చేతుల్లేనివి లిఫ్టెక్కాయి. ఆ ఇంట్లోనే ఉండే మా అత్తగారిని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

అత్తగారికి మోకాళ్లు అరిగాయి కానీ రోషం అరగలేదు. ఎవరైనా చెయ్యి అందిస్తే "నేనేం పడిపోతున్నానా?" అని కసిరేవారు. కొత్త కుర్చీలొచ్చిన కొన్నాళ్లకి ఆవిడకి ఆకలి చచ్చిపోయిందని కబురొచ్చింది. టేబుల్ దగ్గరికి పిలిస్తే వద్దంటున్నారట. తన గదిలో మంచం మీద కూచుని రెండు బిస్కెట్లు, గ్లాసుడు మజ్జిగ, అంతేనట. ఇంక చూడాలి వాళ్ల హడావిడి! రకరకాల డాక్టర్లు, రంగురంగుల మాత్రలు. పొట్టలోకి గొట్టం వేయించి చూద్దామంటాడు మరిది. "డిప్రెషనేమో అక్కా, మంచి థెరపిస్టుని వెతుకుతున్నాం" అంటుంది తోటికోడలు. అంత చదువుకున్నవాళ్లు కదా, కళ్లెదురుగా ఉన్నది చూడటం వాళ్లకి నామోషీ.

ఒక ఆదివారం మావారూ నేనూ వెళ్లాం. నేను పట్టుబట్టి అత్తగార్ని టేబుల్ దగ్గర కూచోబెట్టాను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వంకాయ కూర. ఆవురావురుమని తిన్నారు. జబ్బుమనిషి తిండి కాదది. అందరూ లేచి చేతులు కడుక్కుని తలో గదిలోకీ వెళ్లారు. ఆవిడ మాత్రం లేవకుండా, కంచంలో కరివేపాకుని అటూ ఇటూ జరుపుతూ కూచున్నారు. నేను గిన్నెలు వంటింట్లో పెట్టి వెనక్కి తిరిగాను. ఆవిడ చుట్టూ చూసుకున్నారు. కుడిచెయ్యి ఎంగిలి, దాంతో దేన్నీ ముట్టుకునే మనిషి కారు. ఎడమచెయ్యి ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ పక్కకి చాచి కుర్చీ చెయ్యి కోసం తడిమారు. అక్కడేముంది, నా మొహం! టేబుల్ అద్దం మీద ఆనిస్తే చెయ్యి జారింది. సగం లేచి కూలబడ్డారు. మళ్లీ లేవబోతే కుర్చీ వెనక్కి జారింది. నేను పరిగెత్తి పట్టుకోకపోతే నేల మీద ఉండేవారు.

"ఆకలి లేదన్నది ఇందుకా అత్తయ్యగారూ?" అన్నాను.

"మెల్లిగా అమ్మాయ్, వాళ్లు వింటారు" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు. ఏ గొడవలోనూ ఆవిడ ఏడవగా నేను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, అందరికీ వినపడేట్టే చెప్పాను. చెంచాతో తినే ఆ డిజైనరమ్మకి ఎంగిలిచేతి సంగతి తెలీదు సరే, మూడుపూటలా చేత్తో కలుపుకు తినే ఈ కొంపలో ఒక్కరికీ తట్టలేదా అని అడిగాను. "అమ్మా, చెప్పొచ్చుగా" అన్నాడు మరిది. "ఏమని చెప్పన్రా, లేవలేనని చెప్పనా?" అన్నారావిడ. తోటికోడలు కాసేపు ఆలోచించింది. తప్పు తెలిసిందేమోనని నేను భ్రమపడ్డాను. "చేతులున్నది ఒకటి వేస్తే సెట్ పాడవుతుందేమో అక్కా" అంది. ఆ సాయంత్రమే అత్తగారి పెట్టె మా కారులో ఉంది.

మా క్వార్టర్లో ఆవిడకి దొరికింది రెండు చేతులున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. మొదటిరోజు భోంచేసి, ఎడమచెయ్యి గట్టిగా ఆనించి, లేచారు. ఎవరివంకా చూడకుండా నడిచివెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చి, "చారులో ఇంగువ సరిపోలేదు" అన్నారు. పోయేదాకా ఆవిడ ఒక్కపూట కూడా ఆకలి లేదనలేదు, నా వంటని ఒక్కపూట కూడా మెచ్చుకోలేదు.

మరిది వాళ్లకి ఆ కుర్చీలూ పాతబడ్డాయట. ఈమధ్య వీపు కూడా లేని బెంచీలు వేయించుకున్నారు. మనిషి దగ్గర్నుంచి కాలం ఎలాగూ ఒక్కొక్కటే లాక్కుపోతుంది. దానికి తోడుగా డబ్బిచ్చి డిజైనర్ని కూడా పెట్టుకోవాలా?