రెండు బీట్ల నిశ్శబ్దం, ఫ్రాన్సిస్ అంకుల్ చెవులు

2001, సింగపూర్. ఫ్రాన్సిస్ అంకుల్‌కి చెవులు పోయాయట, సోమవారం నుంచి రావద్దన్నారట అన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది షబానా. మా ఆఫీసులో క్లయింట్లతో ఉత్తరాలు నడిపే హైదరాబాదీ అమ్మాయి. నేను అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను.

"అక్కా, డెరెక్ సారే చెప్పిండు. ముసలాయనకి వినిపిస్తలేదంట. అందుకే పాట ఖరాబైందంట."

తీసిన మూత మళ్లీ పెట్టేశాను. పాటలో మొదట తప్పు చేసింది నేను. దాన్ని పట్టుకున్నది ఫ్రాన్సిస్ అంకుల్.

మా పని రింగ్‌టోన్లు చేయడం. అప్పటి ఫోన్లు మోనోఫోనిక్, అంటే ఒకసారికి ఒక్క స్వరమే పలికేవి. పాటను హెడ్‌ఫోన్లో విని, స్వరాలు రాసుకుని, వాటిని ఫోనుకి అర్థమయ్యే కోడ్‌గా కొట్టాలి. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అక్షరాలు, లెక్కలు, హార్మోనియం మీద క్రైస్తవ కీర్తనలు అన్నీ అమ్మే ఇంట్లో నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఆ మాత్రం చదువుతో సింగపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికిందంటే అది ప్రభువు దయే. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఫ్రాన్సిస్ అంకుల్ మా చెకర్. ప్రతి ట్యూన్‌నీ అసలు పాటతో పోల్చి విని, చెక్ షీట్ అనే కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో తప్పులు రాసేవారు. అన్నీ సరిపోయాకే సంతకం. వాళ్ల నాన్నగారు బ్రిటిష్ వాళ్ల కాలంలో సెంబవాంగ్ నౌకా స్థావరంలో పని చేయడానికి వచ్చిన తెలుగాయన. అంకుల్ ఇక్కడే పుట్టారు. ముప్పై ఏళ్లు హోటల్ లాంజుల్లో పియానో వాయిస్తూ పాడారు. అప్పటికీ ఆదివారాలు ఒక హోటల్లో వాయిస్తూనే ఉన్నారు. ఆయన తెలుగులో సగం తమిళం, 'అమ్మా' అనడానికి 'మా' అనేవారు.

ఆ రోజుల్లో ఒక ప్రేమపాట ఊరిని ఊపేసింది. పాడినావిడ సోల్ గాయని. అమెరికాలో నల్లవాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చిన బాణీ అది. పాప్ కూడా కలిపి పాడేది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో అదే పాట, టాక్సీలో అదే పాట. వెళ్లిపోతున్న మనిషిని ఉండమని అడుగుతుంది. చివర్లో అతని పేరు పిలవబోయి, రెండు బీట్లు, అంటే రెండు తాళం దెబ్బల సేపు, ఏమీ పాడదు. ఆ తర్వాత పిలుస్తుంది.

ఆ ఖాళీని నేను పూడ్చేశాను. ముందు స్వరాన్ని సాగదీసి పేరుకి అతికించాను. అమ్మ నేర్పిన పద్ధతి అది. కీర్తనలో దేవుని పేరు ముందు ఊపిరి తెగకూడదు, అక్కడ ఆగితే సందేహించినట్టే అనేది. ఆగానా, కీర్తన మొదటి నుంచి మళ్లీ పాడించేది. ఆ అలవాటు నా వేళ్లకి పట్టుకుంది.

షీట్ వెనక్కొచ్చింది. ఎర్ర గీత పక్కన 'రెస్ట్ ఎక్కడ?' అని ఉంది. రెస్ట్ అంటే కావాలని వదిలే నిశ్శబ్దం.

"ఆవిడకి ఊపిరి చాల్లేదు అంకుల్. తప్పుని కూడా దించాలా?" అన్నాను.

"మూచు లేకనా ఆగింది? పిలిచినాక వాడు తిరిగి చూడకపోతే ఏం గతి అని భయం మా. అందుకే ఆగింది."

"మా అమ్మ వింటే తొడపాశం పెట్టేది."

"మీ అమ్మ దేవుణ్ణి పిలిచింది. ఆయన వస్తాడు. ఇది పోకిరి వెధవని పిలిచే పాట. వీడు వస్తాడని ఏం గ్యారంటీ?"

నవ్వుకుంటూ వెళ్లి దిద్దాను. కొత్త ఫైలు విని ఆయన సంతకం పెట్టారు.

మా మేనేజర్ డెరెక్ ఇరవై ఏడేళ్లవాడు, సింగపూర్ యాసలో మాట చివర 'లా' తగిలించేవాడు. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఫోను ఆగిపోయిందనుకుంటారని అతనికి తోచింది. ఎవరికీ చెప్పకుండా మా క్లయింట్ అయిన ఫోన్ కంపెనీకి నా పాత ఫైలు పంపి, కొత్తదాని కోసం పెట్టిన సంతకాన్ని దానికి జోడించాడు. వారం తిరక్కుండా క్లయింట్ నుంచి ఫిర్యాదు. జనం ఎదురుచూసే చోటే పాటలో లేదని. అప్పుడు డెరెక్ ఆ సంతకం చూపించి, ముసలాయనకి చెవులు పోయాయన్నాడు. ఇదంతా షబానా చెప్పాక పంపిన ఫైలు తెరిచి చూస్తే తెలిసింది. నేరుగా అతని గదిలోకి వెళ్లాను.

"మీరు పంపింది నా పాత ఫైలు. అంకుల్ దిద్దించింది కొత్తది."

"చిన్న విషయం లా, ఆంటీ. ఆయనకి అరవై ఆరు. ఎలాగూ మానేసే వయసే."

"వయసైందని పంపితే మీ ఇష్టం. పియానో వాయించే మనిషికి చెవులు లేవంటారా?"

"ఇక్కడ పని చేయడానికి మీకున్న పాస్ మా ఉత్తరం మీద నడుస్తోంది, ఆంటీ. మీరు చర్చికి వెళ్తారు కదా, ఆయన కోసం ప్రార్థన చేయండి."

ప్రార్థన చేశాను. చేసి ఊరుకోలేదు. అంకుల్‌కి చెవులు పోయాయన్న మాట అప్పటికే ఆయన వాయించే హోటల్ దాకా వెళ్లింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని వాళ్లు కూడా ఆయనకు చెప్పేశారు. తెలిసి తెలిసి అబద్ధమాడి ఒక మనిషి ముప్పై ఏళ్ల పేరును చెత్తబుట్టలో వేసి, హాయిగా కాఫీ తాగుతున్నాడు ఇతను. నాకు ఒళ్లు మండిపోయింది.

షబానా, నేనూ ఆ షీట్‌కి నకలు తీసి, రెండు ఫైళ్లతో కలిపి క్లయింట్‌కి పంపాం. మొదటి తప్పు నాది, పట్టుకున్నది ఆయన అని కింద రాశాను. "పోతే ఇద్దరం పోదాం అక్కా, ఏమైతది," అంది షబానా.

రెండు రోజుల్లో క్లయింట్ వాళ్లు డెరెక్‌ని నిలదీసి సరైన ఫైలు పెట్టించారు. అంకుల్‌ని తిరిగి రమ్మనమని డెరెక్ నాతోనే కబురు చేశాడు. తప్పు ఒప్పుకునే ఉత్తరం లేకుండా వెళ్లనన్నాను. 'అపార్థం వల్ల' అని రాసిచ్చాడు. వెనక్కిచ్చాను. 'సిస్టమ్ లోపం వల్ల' అని రాశాడు. అదీ వెనక్కిచ్చాను. మూడోసారి, తప్పు మాది, ఫ్రాన్సిస్ గారు సరిగ్గానే విన్నారు, మాకు చెప్పారు కూడా అని రాసి సంతకం పెట్టాడు. క్షమించమన్న మాట మాత్రం చివరిదాకా రాలేదు. నా పాస్ జోలికి ఎవరూ రాలేదు, దేవునికి స్తోత్రం.

ఉత్తరం తీసుకుని ఆయన ఫ్లాట్‌కి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. హోటల్‌కి చూపించి రండి అంటే తల అడ్డంగా ఊపారు. అక్కడ ఆయన స్థానంలో తనంతట తనే వాయించుకునే పియానో తెచ్చి పెట్టారట.

"మరి మన ఆఫీసుకి?"

"వాడి దగ్గరికా? వద్దు మా. ఈ కాగితం చాలు. ఏదీ, ఆ పాట పెట్టు."

నా ఫోన్లో పెట్టాను. పేరు దగ్గరికి రాగానే ఆయన వేలు గాల్లో ఆగింది. ఆ నిశ్శబ్దమంతా అలాగే ఉండి, స్వరం పలికిన క్షణానే కిందికి దిగింది. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు మారినా, నా తప్పు దిద్దినవాళ్ల పేరు కాగితం మీద రాయకుండా నేను ఏ పనీ పంపలేదు. దేవుడు ఇచ్చినదానికి కృతజ్ఞత ఉండాలి. అంతమాత్రాన అన్యాయం ముందు నోరు మూసుకోవాలని ఏ గ్రంథంలోనూ లేదు.

ఆ రింగ్‌టోన్ వేల ఫోన్లలో మోగింది. చేసిన నా పేరు గానీ, దిద్దిన ఆయన పేరు గానీ ఎవరికీ తెలియదు. నా పేరు తెలియకపోయినా పర్లేదు. మీ ఆఫీసులో ఎవరైనా ఒక పెద్దాయనను చూపించి ఈయనకిక వినపడదు, కనపడదు అని అంటే, నమ్మే ముందు సెంబవాంగ్ ఫ్రాన్సిస్ అంకుల్‌ని ఒక్కసారి తలుచుకోండి.