మిరప టిక్కీలో పోయిన క్యాసెట్

ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని ఆ రోజు విజయవాడ మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కిన మగవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. బ్యాగు మా అక్కది. అది నా భుజానికెక్కడం మా అమ్మ చలవ. పొద్దున బయల్దేరుతుంటే గుమ్మంలోనే అడ్డం పడింది. "బ్యాగు తమ్ముడికివ్వవే. నీ చేతిలో ఏ వస్తువన్నా నిలిచిందా ఎప్పుడన్నా?" ఇద్దరు పిల్లల తల్లి అయిన అక్క కిక్కురుమనకుండా ఇచ్చేసింది.

వీడియో గేమ్ క్యాసెట్ కొనిపెడతానని అక్కను నేనే లాక్కొచ్చాను. గుంటూరులో గంట లెక్కన ఆడించే వీడియో గేమ్ షాపులన్నీ అప్పటికే జెరాక్స్ సెంటర్లయి, ఆ తర్వాత సెల్ రీచార్జ్ కొట్లయ్యాయి. ఏడాది కిందట మాత్రం ఈ మాల్ మూడో అంతస్తులో ఒక షాపును కళ్లారా చూశాను. క్యాసెట్ ఆమె చేతిలో పెట్టి, ఆ సంతోషంలో ఉండగానే పన్నెండేళ్లుగా దాచిన నిజం చెప్పేసి బయటపడాలని నా ఎత్తు.

మాది చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి ఊరు. ఒక ఏడాది మిర్చికి మంచి ధర పలికితే నాన్న వీడియో గేమ్ కొన్నాడు. దాని క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. అన్నీ ఆడి తీరాలని నోట్‌బుక్కులో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఉన్నవి ఎనిమిదేనని, అవే పేర్లు మార్చుకుని తిరిగొస్తున్నాయని మూడు వందల టిక్కులు పెట్టాక గాని గ్రహించలేదు. అంత చురుకైన బుర్ర నాది. అక్క మాత్రం కోటల ఆట ఒక్కటే పట్టుకుంది. నేను రెండో కోట దాటితే గొప్ప. అక్క చివరి కోట దాకా వెళ్లి, సాయంత్రం అదీ దాటేస్తానని స్నేహితురాళ్లందరికీ చెప్పింది.

నాకు కడుపు మండిపోయింది. బడికి వెళ్లేముందు క్యాసెట్ తీసి, వసారాలో మూతి కుట్టకుండా ఉన్న మిరపకాయల బస్తాలో, మా వైపు టిక్కీ అంటాం, మోచేతి దాకా చెయ్యి పెట్టి దాచాను. మర్నాడు తీసిద్దామనుకున్నాను. బడి నుంచి వచ్చేసరికి వసారా ఖాళీ. టిక్కీలన్నీ కుట్టేసి, లారీకెత్తి, గుంటూరు యార్డుకు పంపేశారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయనుకుని అమ్మ మొహం కడిగింది.

చివరిసారి ఆడింది అక్కే కాబట్టి పారేసింది కూడా అక్కేనని ఇంట్లో తేల్చేశారు. నేను నోరు విప్పలేదు.

మూడో అంతస్తులో షాపు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగాను.

"ఇక్కడ వీడియో గేమ్ షాపుండాలే?"

"తీసేసి ఆర్నెల్లయింది సార్."

"క్యాసెట్లేమన్నా మిగిలాయా?"

"పాటల క్యాసెట్లా సార్? అవి ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ?"

అయినా నాలుగంతస్తులూ తిప్పాను. చివరికి అక్కను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కప్పులో పోసి అమ్ముతున్న మొక్కజొన్న గింజలు కొన్నాను. ఇద్దరం చెరో చెంచాతో తిన్నాం.

"కాళ్లు పీకుతున్నాయి, పోదాం పదరా. క్యాసెట్టూ వద్దు, ఏమొద్దు," అంది అక్క.

క్యాసెట్ లేకుండా నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పనని కూడా తెలుసు. కప్పులోకి చూస్తూ అంతా చెప్పేశాను.

"టిక్కీలోనా!" అని అక్క పకపకా నవ్వింది. "కొన్నవాడు ఏమనుకున్నాడో పాపం!" నేనూ నవ్వబోయాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయితే నేను పారేయలేదా?"

"లేదక్కా."

"ఒరేయ్, నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయాననుకున్నాన్రా ఇన్నాళ్లూ. అమ్మ నాకెప్పుడన్నా బీరువా తాళాలిచ్చిందా? పెళ్లిలో నా నగలు కూడా నీకే ఇచ్చి దాయమంది. నేనింతేలే, నా చేతిలో ఏదీ నిలవదులే అని నేను కూడా నమ్మేశాను."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటు మీదికి నెట్టడానికి ఆ ఏసీ మాల్‌లో మిరపకాయ ఒక్కటి లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయిందక్కా అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. ఏమివ్వాలో తోచక, అడుగున నాలుగు గింజలు మిగిలిన కప్పు అందించాను.

"అది కాదురా," అంది. "నా బ్యాగు."