వైపర్ దీవిలో వెయ్యని ఆకు

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం మా స్కూలు ఫోనుకి కబురొచ్చింది. నేను టెక్కలిలో సోషల్ టీచర్ని. ఆ సమయానికి పిల్లలకు అండమాన్ జైలు పాఠం చెబుతున్నానని రాస్తే బాగుండేది కానీ, చెబుతున్నది పంటల పాఠం. అయినా నాకు ముందు గుర్తొచ్చింది అండమానే. ఎందుకో మీతో చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అత్త పెళ్లయిన మూడో ఏడే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికొచ్చింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆ పిక్కల్లోంచి కారే జీడికి వేళ్ల చివర్లు నల్లబడి, చర్మం ఊడి, మళ్లీ వచ్చేది. నన్ను బి.ఇడి. దాకా చదివించినవి ఆ వేళ్లే. ఎప్పుడు వెళ్లినా ముందు కంచం పెట్టేది. "తినీసి మాటాడు. కాలే కడుపుతో మాటాడితే అబద్దాలొస్తాయి" అనేది. మా ఊరికొచ్చే బిచ్చగాళ్లకు కూడా ఆమె పులుసు మీద అభిప్రాయాలుండేవి.

ఇంతమందికి పెట్టిన మనిషికి ఒక్కరి విషయంలోనే బెంగ. ఆమె తాత, అంటే నా ముత్తాత, నౌపడ ఉప్పుమడుల దగ్గర నీళ్ల తగాదాలో ఒకణ్ణి పారతో కొట్టాడు. ఆ దెబ్బకి వాడు చచ్చిపోయాడు. తెల్లదొరల కోర్టు ఈయన్ని అండమాను పంపింది. తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. చావు కబురు రాని మనిషికి పెద్దల అమావాస్యనాడు ఆకు వెయ్యకూడదని మా ఇంట్లో పట్టింపు. వేస్తే బతికున్నవాణ్ణి చంపినట్టట. అలా తరతరాలుగా పెద్దలందరికీ విస్తళ్లు వేసి అన్నం పెడుతూ, ఆయన్ని మాత్రం వదిలేస్తున్నారు. ఆ పూట అత్త తినేది కాదు.

"ఆయనున్న నేల మీద ఒక్కపాలి ఆకేసి పిలిస్తే సాలు. మరింక ఇంటికాడా ఎయ్యొచ్చు. నన్ను తీసుకెల్లే" అని నా వెంటపడేది.

సునామీకి ముందు ఏడాది మేం టీచర్లమంతా విశాఖ నుంచి ఓడలో అండమాన్ బయల్దేరితే అత్తనీ వెంటబెట్టుకెళ్లాను. సెల్యులర్ జైలు కట్టకముందు ఖైదీలను వైపర్ దీవిలో ఉంచేవారని, అక్కడి గుట్ట మీద ఉరికంబం ఇంకా ఉందని నేనే ఆమెకు చెప్పాను. "అయితే అక్కడే" అంది. లాడ్జి వంటవాడు మన సోంపేట వాడే. అతన్ని బతిమాలి అన్నం వండించి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ల చేపలతో తనే పులుసు పెట్టింది. అడ్డాకుల విస్తరి కూడా ఊరి నుంచే తెచ్చింది.

బోటు కదలగానే క్యారియర్‌లోంచి వాసన బయల్దేరింది. మా హెడ్మాస్టరు ముక్కు మూసుకుని, "ఏటి మేడమ్, మీ అత్తగారు దీవిలో హోటలు పెడతారేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దీవిలో అరగంటే ఆపారు. మెట్లెక్కి ఎర్ర ఇటుకల ఉరికంబం దగ్గరకు చేరాం. అత్త ఆయాసపడుతూ వచ్చి, కొంగుతో నేల తుడిచి, విస్తరి తీసింది. మావాళ్లంతా మాటలాపి చూస్తున్నారు.

"ఇక్కడ పెట్టకూడదత్తా. గవర్నమెంటు స్థలం, జరిమానా వేస్తారు" అన్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. కాపలా మనిషి దూరంగా చెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"అదిగో, ఆ మూల మట్టిలో ఎడతానే. ఎవులికీ అడ్డం గాదు."

"రేపు బోటెక్కిన జెట్టీ దగ్గర పెడదాంలే. ఎక్కడ పెట్టినా ఒకటే."

"సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది" అని విస్తరి మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

తెల్లారేసరికి అన్నం పాసిపోయింది. అత్త స్నానానికి వెళ్లినప్పుడు, గది కంపు కొడుతోందని అంతా లాడ్జి చెత్తడబ్బాలో పారబోసి క్యారియర్ కడిగేశాను. ఆమె వచ్చి చూసింది. "కడిగీసినావా? మంచిపని సేసినావు" అంది. మేం జెట్టీకి వెళ్లలేదు. ముత్యాల దండలు కొనడానికి బజారుకెళ్లాం. అత్త ఆ పూట ఏమీ తినలేదు.

మళ్లీ తీసుకెళ్తానని మాటిచ్చాను. సునామీ వచ్చి నాకు మంచి సాకు దొరికింది. ఆ తర్వాత ఇల్లు కట్టడం, పరీక్ష పేపర్లు, ఎన్నికల డ్యూటీలు. రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. ఈలోగా మా ఉద్దానం ఊళ్లలో ఇంటింటికీ వచ్చే జబ్బే ఆమెకూ వచ్చింది, కిడ్నీలు పాడయ్యాయి.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, చూడ్డానికి వెళ్లాను. కాళ్లు ఉబ్బి, కిటికీ పక్క మంచం మీద ఉంది. "వేసవి సెలవుల్లో వెళ్దాం అత్తా" అన్నాను, ఆమె ఇక లేవదని తెలిసే. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నీకింక సెలవెట్టే పని లేదులే. నానే ఎల్తన్నాను కదా. మా తాత కనబడితే నానే అన్నం ఎడతాను."

ఆమె నా చేతి గడియారం వైపు చూసి చెయ్యి వదిలేసింది. "నీ బస్సుకి యేలయిపోతంది, ఎల్లు" అంది. నిజమే, అప్పటికే రెండుసార్లు టైము చూసుకున్నాను. బయటికొచ్చేశాను. వీధి మలుపులో వెనక్కి తిరిగితే, కిటికీ చువ్వల్లోంచి ఆ చెయ్యి ఇంకా వెళ్లు వెళ్లు అని ఊగుతోంది.