అమ్మ పలకని పేరు

నా పేరు ఓబులమ్మ. మా అమ్మ బతికినన్నాళ్లూ నన్ను ఒక్కసారి కూడా ఈ పేరుతో పిలవలేదు.

ఇది మా జేజి పేరు, అంటే నాన్న తల్లిది. అత్త పేరు కోడలు నోటితో అనకూడదన్నది మా ఇళ్లలో పట్టింపు. మొదటి మనవరాలికి జేజి పేరే పెట్టాలన్నదీ పట్టింపే. ఈ రెండూ కలిస్తే కన్నతల్లికి కూతురిని పేరు పెట్టి పిలిచే దారి లేకుండా పోతుందని పెద్దవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా పట్టించుకోలేదేమో. అమ్మ నన్ను "అమ్మీ" అనేది. జమ్మలమడుగులో మా వీధి ఆడపిల్లలందరూ అమ్మీలే. ఆమె గడపలో నిలబడి కేక వేస్తే నలుగురం తిరిగి చూసేవాళ్లం.

అహోబిలం నరసింహస్వామి మా ఇలవేల్పు. ఆ స్వామి ఉగ్రరూపం చూసి దేవతలు "అహో, ఎంత బలం" అన్నారని, ఆ మాటే ఊరి పేరై, జనం నోట్లో నలిగి ఓబులమైందని నాన్న చెప్పేవాడు. ఆ పేరున్న ఆడది పట్టిన పట్టు విడవదని మా వైపు నమ్మకం. జేజి అలాంటిదే. నేను అన్నం మీద అలిగితే అమ్మ నాన్న వైపు తిరిగి, "మీయమ్మ పేరు పెట్టినారు కదా, ఇంగ యాడ వింటాది" అనేది. అప్పుడు కూడా ఆ పేరు నోటితో అనేది కాదు.

శ్రావణమాసంలో గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయేవాళ్లం. అర్చనకు పూజారి పేర్లు అడిగితే అమ్మ మా తమ్ముడి పేరు గట్టిగా చెప్పి, నన్ను భుజం పట్టి ముందుకు నెట్టేది. "నీది నువ్వే చెప్పుకో అమ్మీ." అంత జనంలో నా పేరు నేనే చెప్పుకోవాలంటే ఏడుపొచ్చేది. జేజి పోయాకైనా పిలుస్తుందని ఆశపడ్డాను. అడిగితే, "పోయినోళ్లకు మర్యాద వుండదా ఏంది?" అంది అమ్మ.

ఇప్పుడు పులివెందులలో టీచరుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. బడిలో నేను మేడమ్‌ని. కువైట్ నుంచి మా ఆయన ఫోన్ చేసి "ఏమ్మే, తిన్యావా?" అంటాడు. ఆదివారం తలుపు కొట్టేవాళ్లుండరు. ఒక్కోసారి పొయ్యి దగ్గర నిలబడి నా పేరు నేనే పైకి అనుకుంటాను. ఆ గొంతు ఇంకెవరిదైనా అయితే బాగుండుననిపిస్తుంది.

అమ్మ చివరి రోజుల్లో ప్రొద్దుటూరులో తమ్ముడింట్లో ఉండేది. ఆమె సంవత్సరీకానికి వెళ్లినప్పుడు, మరుసటి ఉదయం ఆ వీధి చివర ఆంజనేయస్వామి గుడికి పోయాను. ఆ రోజు శనివారం. వాకిట్లో పూలమ్మే ముసలామె దగ్గర మూర మల్లెలు కొంటుంటే, "ఎవరింటికొచ్చినావు మ్మా?" అని అడిగింది. తమ్ముడిల్లు చూపించాను. ఆమె నా ముఖం కాసేపు చూసి, "ఓబులమ్మవా నువ్వు?" అంది.

నా పేరు నీకెట్లా తెలుసని అడిగాను.

"మీయమ్మ శనివారం శనివారం నన్ను బుట్ట కాడి నుంచి లేపి లోపలికి పిల్చుకోని పోతాండె. అయ్యవారు పేరడిగితే నేను చెప్పాల. అత్త పేరంట, తను అనకూడదంట. పులివెందుల్లో బిడ్డ ఒక్కతే వుండాది, దాని పేరు సామి చెవిన పడాల అంటాండె. చెప్పి చెప్పి నాకు నోటికొచ్చేసింది."

లోపలికి పోయాను. పూజారి పేరు అడిగాడు. నేను వెనక్కి తిరిగి ఆ ముసలామెను పిలిచాను. ఆమె చేతులు దులుపుకుని వచ్చి, నా పక్కన నిలబడి, ఎప్పటిలాగే చెప్పింది. నాకు దుఃఖం ఆగలేదు. అయినా అది అమ్మ గొంతు కాదు.