కాలని చేతులు

నా చిన్నప్పుడు, ప్రత్యేక రాష్ట్రం కావాలని బడులన్నీ మూతపడ్డ ఏడాది, గార్లలో కంపౌండరుగా ఉన్న మా బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోగాల మాటలు నేర్పేవాడు. ఒంట్లో తీగలా కనిపించేదాన్నల్లా మనం నరమే అంటాం కదా, గ్రీకు దేశపు పాత వైద్యులూ అంతేనట. వింటినారికి కూడా ఆ పేరే వాడేవారట. స్పర్శ తెలియకపోవడాన్ని వాళ్లు అనస్థీషియా అన్నారు. ఎన్నో వందల ఏళ్లకు మత్తుమందు పుట్టాక డాక్టర్లు ఆ పాత పేరునే దానికి తగిలించారు. అంత పెద్ద మాట నోరు తిరిగేసరికి తొమ్మిదేళ్ల నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఊరేగింపుకు పల్లెల నుంచి వచ్చేవాళ్ల కోసం మా వీధిలో పందిరి వేసి వంట చేసేవారు. వండేది ఒక తండా అక్క. ఉడుకుతున్న అన్నం గుండిగను మసిగుడ్డ లేకుండా వట్టి చేతులతో వంచి గంజి వార్చేది. బొబ్బలు లేచినా కాల్లేదనేది. ఆమె ఒంటి మీద దేవత ఉందని ఆడవాళ్లు ఆ చేతులకు పసుపు రాసి మొక్కేవారు. పాపం, ఆమె కూడా నమ్మింది.

బాపు ఒకరోజు ఆమెను ఇంటికి పిలిపించి, కళ్లు మూసుకుని, దూది తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. మోచేతి పైన వెంటనే చెప్పింది. వేళ్ల మీద దూది ఎన్నిసార్లు తిరిగినా ఉలుకూ పలుకూ లేదు.

"జర జల్ది తాకు సారూ, ఎసరు మరుగుతున్నది" అంది.

బాపు గొంతు తగ్గించాడు. "గిది దేవత కాదు చెల్లే, కుష్ఠు. మందున్నది, తగ్గుతది. ఎవ్వలకు చెప్పకు."

ఆ సాయంత్రం పందిట్లో ఆడవాళ్లు మళ్లీ మొక్కుతుంటే నా నోరు ఊరుకోలేదు. "దేవత గాదు, అనస్థీషియా! కుష్ఠుంటే గట్లనే అయితదని మా బాపు చెప్పిండు" అని అరిచాను. అందరూ మెచ్చుకుంటారనుకున్నాను.

గుండిగెడు అన్నం గుంటలో పోశారు. పసుపు రాసిన చేతులే పొయ్యిలో కొరివి తీసి ఆమె మీదికి విసిరాయి. అది భుజానికి తగిలింది. అక్కడ ఆమెకు స్పర్శ ఉంది. ఆ కేక వీధంతా వినబడింది.

బాపు నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. పన్ను పీకేముందు ఇచ్చే సూదిని నా కుడిచేతి వేళ్లకు ఇచ్చి, పొగలు కక్కే అన్నం ముందు పెట్టి తినమన్నాడు. వేడి తెలియలేదు, మెతుకు తెలియలేదు. బొబ్బలు లేచాక చూసుకుని బావురుమన్నాను.

"నీకు గంటకు దిగుతది. ఆమెకు?" అన్నాడు.

ఆమె కోసం కట్టిన మాత్రల పొట్లం కిటికీలోనే ఉండిపోయింది. ఆమె బయ్యారం వైపు పోయిందన్నారు, అంతే. నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ఏ రోగితో మాట్లాడాలన్నా ముందు తలుపు గడియ వేసేదాన్ని, ఇప్పటికీ వేస్తాను. ఎంత మంచి మనసమ్మా అంటారు రోగులు. నా మనసెలాంటిదో ఆ తండా అక్కను అడిగినవాళ్లు ఎవరూ లేరు.